కయాక్ బట్టకు పూత వేయడం: మొదటి కోటు దగ్గరే అంతా ఉంది

కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) చట్రం కట్టడం అయిపోయింది, దానిమీద బట్ట లాగి కుట్టేశారు, గోరుతో మీటితే డప్పులా మోగుతోంది. ఇక రంగు వేసి నీళ్లలో దించడమే మిగిలింది అనిపిస్తుంది. చాలామంది తొందరపడేది సరిగ్గా ఇక్కడే, నేనూ పడ్డాను. చట్రం మీద మూడు నెలలు కూర్చున్నవాణ్ణి, పూత మాత్రం ఒక్క శని, ఆదివారాల్లో లాగించేశాను. డబ్బాలో ఉన్న చిక్కటి ఎనామిల్ పెయింట్‌ని ఉన్నది ఉన్నట్టు తీసి రెండే రెండు దట్టమైన కోట్లు వేశాను. బయటినుంచి చూస్తే అద్దంలా మెరిసింది. నీళ్లలో దించిన పావుగంటకి లోపలివైపు బట్టకి చెమట పట్టినట్టు చుక్కలు కనిపించాయి, అరగంటకి నా ప్యాంటు తడిసింది.

తప్పు పెయింట్‌ది కాదు. బట్ట అంటే పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డ దారాలు), వాటి మధ్య లెక్కలేనన్ని సందులు, అంటే ఒక రకంగా జల్లెడ. చిక్కటి పెయింట్ ఆ సందుల మీద వంతెనలా పరుచుకుంటుంది తప్ప లోపలికి దిగదు. పైకి నున్నగా కనిపిస్తుంది గానీ, మనం లోపల కూర్చుని కదిలి బట్ట అటూ ఇటూ వంగగానే ఆ వంతెనల్లో సన్నటి పగుళ్లు వస్తాయి, నీళ్లకి ఆ దారి చాలు. కాబట్టి పూత చేయాల్సినవి రెండు పనులు: దారాల మధ్య సందుల్ని నింపాలి, ఆరాక బట్టతోపాటు వంగాలి. కింద చెప్పేదంతా ఈ రెండింటి చుట్టూ తిరిగేదే.

ఆర్కిటిక్ తీరాల్లో, దానికి దక్షిణాన ఉన్న దీవుల్లో ఇన్యుయిట్, అల్యూట్ ప్రజలు సీల్, సీ లయన్ అనే సముద్ర జంతువుల తోళ్లతో కయాక్‌లు కట్టినప్పుడు కూడా ఇదే సమస్య. వాళ్లు తోలుకి నూనె, కొవ్వు పట్టించేవాళ్లు, అది ఎండిపోయినప్పుడల్లా మళ్లీ పట్టించేవాళ్లు. కుట్టు దగ్గర వాళ్లకి ఇంకో తెలివి ఉండేది: సూది తోలు మందంలోనే ప్రయాణించి బయటపడేది, ఆవలివైపుకి దిగేది కాదు, అందుకని కుట్టులో కన్నమే ఉండేది కాదు. మన నైలాన్ పలచన, సూది ఈవైపు దిగి ఆవైపు తేలాల్సిందే. అందుకే మనకి కుట్టు దగ్గర విడిగా పని ఉంటుంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఏ బట్టకి ఏ పూత

ముందు మీ బట్ట ఏమిటో తెలుసుకోండి. నైలానా, పాలిస్టరా, నూలు కాన్వాసా? తెలియకపోతే ముక్క కత్తిరించి దానిమీద ప్రయోగాలు చేయండి. అసలు ప్రతి పూతనీ ముందు ఒక ముక్క మీద వేసి, ఆరాక నాలుగు మడతలు పెట్టి నలిపి చూడటం అలవాటు చేసుకుంటే ఈ వ్యాసంలో సగం మీకు అవసరం ఉండదు.

నైలాన్ గట్టిది, రాళ్లకి రాసుకున్నా త్వరగా చిరగదు. కానీ తేమ పీలుస్తుంది. మామూలు వాతావరణంలో దాని బరువులో దాదాపు 4 శాతం తేమే ఉంటుంది, తడిస్తే సాగుతుంది, ఆరితే బిగుస్తుంది. పాలిస్టర్ పీల్చే తేమ 0.4 శాతం మాత్రమే, అందుకని వానైనా ఎండైనా ఒకేలా ఉంటుంది, పైగా ఇస్త్రీ పెట్టె వేడికి శాశ్వతంగా కుంచించుకుంటుంది కాబట్టి ముడతలు తీయడం తేలిక. ఎండకి తట్టుకోవడంలోనూ పాలిస్టరే మేలు. నూలు కాన్వాసు పెయింట్‌ని అన్నిటికంటే బాగా తాగుతుంది, ఎండిన పెయింట్ దానికి పట్టినట్టు ఇంకే బట్టకీ పట్టదు. కాకపోతే లోపల తడి నిలిస్తే బూజు పట్టి కుళ్లుతుంది.

ఇక పూతల సంగతి. నూనె ఆధారిత ఎనామిల్ ఎక్కడైనా దొరుకుతుంది, వేయడం తేలిక, పాడైతే పైన ఇంకో కోటు వేసుకోవచ్చు. మొదటి కయాక్ కట్టేవాళ్లకి నేను చెప్పేది ఇదే. బయటి గోడలకి వేసే నీటి ఆధారిత యాక్రిలిక్ పెయింట్‌కి వంగే గుణం బాగుంటుంది, వాసన తక్కువ, రెండు మూడు గంటల్లో ఆరుతుంది. కానీ రాపిడికి ఎనామిల్ అంతగా నిలవదు, కారు మీద బెల్టు వేసి బిగిస్తే వేడికి బెల్టు పెయింట్‌కి అతుక్కుని ఊడి రావడం నేను చూశాను. రెండు భాగాలు కలిపి వాడే పాలీయురేథేన్ వీటన్నిటికంటే గట్టిది, రబ్బరులా వంగుతుంది, ఒక్క రోజులో ఒకవైపు పని మొత్తం అయిపోతుంది. అయితే అది ఖరీదు, విషపు ఆవిర్లు, తేమ పడదు, తప్పు చేస్తే దిద్దుకునే అవకాశం దాదాపు లేదు. పారదర్శకమైన పాలీయురేథేన్ వార్నిష్ వేస్తే లోపలి చట్రం ఎండలో నీడలా కనిపిస్తుంది, ఆ అందానికి పడిపోని వాళ్లు ఉండరు. కానీ రంగు లేని పూతలోంచి ఎండ నేరుగా దారాలకి తగులుతుంది, నైలాన్‌కి అది మంచిది కాదు. అంత ఇష్టమైతే వేసుకోండి, పడవని మాత్రం నీడలో పెట్టండి.

వాడకూడనివి రెండు. ఒకటి ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రెసిన్). ఫైబర్‌గ్లాస్ పడవలకి అది ప్రాణం, ఇక్కడ మాత్రం శత్రువు, ఎందుకంటే ఆరాక గాజులా గట్టిపడుతుంది, బట్ట వంగినప్పుడల్లా చిట్లుతుంది. రెండోది సిలికాన్ సీలెంట్ (సందులు, కన్నాలు మూసే ముద్ద). కుట్టు మీద చక్కగా మూసుకుపోయినట్టే ఉంటుంది కానీ సిలికాన్ ముట్టుకున్న చోట ఏ పెయింటూ పట్టదు, తర్వాత అది గీకి తీసేసినా ఆ జిడ్డు పోదు. ఒక్కసారి రాస్తే ఆ మచ్చ పడవ ఉన్నంతకాలం ఉంటుంది.

పెయింట్ డబ్బా మూత తీయకముందు

బట్ట బిగువు ఇప్పుడే సరిచూసుకోవాలి, పూత పడ్డాక ఏమీ చేయలేం. పాలిస్టర్ అయితే ఇస్త్రీ పెట్టెని 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ వెళ్లండి, 175 దాటనివ్వొద్దు, దాటితే బట్ట బిగుసుకోవడం మానేసి వదులవుతుంది. ఇస్త్రీ పెట్టె మీద ఉండే చక్రాన్ని నమ్మకండి, వంటకి వాడే థర్మామీటరో, మరేదైనా కొలిచే పరికరమో పెట్టి చూడండి, లేదా ముక్క మీద పరీక్షించండి. ఒకే చోట నిలపకూడదు, ఒకవైపే పూర్తిచేయకూడదు, కుడి ఎడమలు మార్చుకుంటూ పోవాలి, లేకపోతే చట్రాన్ని బట్టే ఒకవైపుకి లాగేస్తుంది. అవును, బట్ట సన్నటి బద్దల్ని వంచేయగలదు.

నైలాన్‌ని తడిపి, సాగినప్పుడు లాగి కుట్టి ఉంటారు కాబట్టి ఆరాక దానంతటదే బిగుస్తుంది. మీరు చేయాల్సింది పూర్తిగా ఆరేవరకు ఆగడం. చేత్తో ముట్టుకుంటే పొడిగా ఉంది అనుకోవడం వేరు, నిజంగా ఆరడం వేరు. గాలిలో తేమ తక్కువగా ఉన్న రెండు మూడు రోజులు చూసి, ఆ తర్వాతే పని మొదలుపెట్టండి.

బట్ట మీద గుర్తులు ఏమైనా పెట్టుకున్నారా? పెన్సిల్‌తో అయితే సరే. బాల్‌పెన్, స్కెచ్‌పెన్ అయితే అవి పెయింట్‌లోని ద్రావకానికి కరిగి పైకి తేలతాయి. నా రెండో కయాక్ తెలుపు రంగు, ముందు భాగంలో కుట్టు కోసం గీసుకున్న నీలం గీత మూడు కోట్లు దాటుకుని మరీ పైకి వచ్చింది, ఇప్పటికీ ఉంది, చూసిన ప్రతివాళ్లూ అదేదో డిజైన్ అనుకుంటారు.

నేత యంత్రం నుంచి వచ్చే జిడ్డు, గంజి లాంటివి బట్టకి ఉంటాయి. స్పిరిట్ తడిపిన తెల్లటి గుడ్డతో ఒకసారి తుడవండి. తుడిచాక చేతి చెమట అంటకుండా గ్లవ్స్ వేసుకోవడం మంచిది. చట్రానికి అవిసె నూనె పట్టించి ఉంటే అది పూర్తిగా ఎండిందో లేదో చూసుకోండి. పచ్చిగా ఉన్న నూనె బద్దల మీదుగా బట్టలోకి ఎక్కితే సరిగ్గా ఆ గీతల దగ్గరే పెయింట్ పట్టదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి: పచ్చి బట్ట మీద ఉప్పు కాగితం రుద్దకండి. నున్నగా వస్తుందని ఎవరో చెబుతారు. దారాల పై పోగులు తెగి బట్టంతా నూగు లేస్తుంది, ఆ నూగు ప్రతి కోటులోనూ గడ్డం పెరిగినట్టు నిలబడుతుంది.

ఎంత పెయింట్ కావాలి అని అడుగుతారు. కయాక్ పొడవుని, మధ్యలో అన్నిటికంటే వెడల్పైన చోట చుట్టుకొలతతో గుణించండి, అందులో మూడింట రెండు వంతులు తీసుకోండి. 5 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల చుట్టుకొలత అయితే 7.5, అందులో మూడింట రెండు వంతులంటే 5 చదరపు మీటర్లు. రెండు చివరలూ సన్నబడతాయి కాబట్టి ఈ లెక్క దాదాపు సరిపోతుంది. డబ్బా మీద లీటరుకి ఇన్ని చదరపు మీటర్లు అని రాసి ఉండేది నున్నటి గోడకి, బట్ట మొదటి కోటుకి అందులో సగమే వస్తుందని అనుకోండి. మొత్తం ఒకేసారి తెచ్చుకోండి, రంగు కలిపించుకుని తెచ్చేటప్పుడు రెండోసారి సరిగ్గా అదే ఛాయ రాదు.

గాలి, ఎండ, ఊపిరి

నీడ ఉండి గాలి ఆడే చోటు కావాలి. నేరుగా ఎండ పడితే పెయింట్ పైపొర ముందే ఎండి, లోపల పచ్చిగా ఉండిపోయి బుడగలు లేస్తాయి. సాయంత్రం మొదలుపెడితే మంచు పడి ఎనామిల్ మెరుపు పోయి బూడిద పూసినట్టు అవుతుంది. పొద్దున ఎండ కాస్త ఎక్కి తేమ ఆరాక మొదలుపెట్టి, మధ్యాహ్నం దాటేలోపు ముగించడం నాకు కుదిరిన పద్ధతి. పనిచేసే ముందు నేల మీద నీళ్లు చల్లితే దుమ్ము లేవదు, రెండు భాగాల పాలీయురేథేన్ వేసే రోజు మాత్రం ఆ పని చేయకండి, దానికి తేమ పడదని చెప్పాను కదా.

మూతికి కట్టుకునే గుడ్డ, దుమ్ము మాస్కు ఆవిరిని ఆపవు. పెయింట్‌ని పలచన చేసే థిన్నర్ వాడుతుంటే ద్రావకాల ఆవిరికి పనికొచ్చే కార్ట్రిడ్జ్ మాస్కు కావాలి. రెండు భాగాల పాలీయురేథేన్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, అవి ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ తర్వాత కొంచెం తగిలినా ఉబ్బసం వచ్చే ప్రమాదం ఉంది, అది జీవితాంతం ఉండిపోవచ్చు. దాన్ని ఇంట్లో స్ప్రే చేసే ఆలోచనే పెట్టుకోకండి, బ్రష్‌తోనో ప్లాస్టిక్ బద్దతోనో వేయండి.

నూనె పెయింట్, అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఇది ఎవరో భయపెట్టడానికి చెప్పే కథ కాదు, నూనె ఆరడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం, అలా కలిసేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోదు. గుడ్డల్ని విడివిడిగా పరిచి బయట ఆరనివ్వండి, లేదా నీళ్ల బకెట్‌లో ముంచేయండి.

మొదటి కోటు

పడవని బోర్లించి రెండు స్టాండ్ల మీద పెట్టండి. అడుగు భాగం ముందు, పైభాగం తర్వాత. నీళ్లలో మునిగేది అడుగే కాబట్టి ఓపిక, పెయింట్ నిండుగా ఉన్నప్పుడే దాని పని చూడాలి. పక్క అంచు బద్ద వెంట మాస్కింగ్ టేప్ అంటించుకుంటే రెండూ కలిసే గీత నీటుగా వస్తుంది, కారిన ధారలు పైభాగం మీదికి పోవు.

ఎనామిల్‌ని మొదటి కోటుకి పలచన చేయాలి. నేను పది పాళ్లకి రెండు పాళ్ల టర్పెంటైన్ కలుపుతాను, బట్ట మరీ దట్టమైన నేత అయితే మూడు. డబ్బా మీద ఏ థిన్నర్ రాసి ఉంటే అదే వాడండి. కలిపిన పెయింట్‌ని పుల్లతో ఎత్తితే సన్నటి ధారలా తెగకుండా జారాలి, ఆముదంలా బరువుగా కిందికి దిగకూడదు. మరీ నీళ్లలా చేస్తే బట్టలోంచి లోపలికి కారి బద్దల కింద చుక్కలుగా గడ్డకడుతుంది, అదీ మంచిది కాదు.

పొట్టి వెంట్రుకల గట్టి బ్రష్ తీసుకోండి. మెత్తటి ఖరీదైన బ్రష్‌ని చివరి కోటుకి దాచుకోండి. ఇది రంగు వేయడం కాదు, రుద్దడం. పడుగు వెంట ఒకసారి, పేక వెంట ఒకసారి, తర్వాత గుండ్రంగా రుద్దాలి. అరచేయి వెడల్పున ముక్కముక్కగా సాగండి. బట్ట రంగు మారి, తడిసిన గుడ్డలా నల్లబడాలి, లోపలికి దీపం పెట్టి చూస్తే ఎక్కడా తెల్లగా పొడిచుక్కలు కనిపించకూడదు. కూర్చునే రంధ్రంలోంచి చెయ్యి పెట్టి లోపలివైపు వేలితో రాసి చూడండి, వేలికి లేతగా రంగు అంటితే పెయింట్ సరిగ్గా దిగినట్టు. ధారగా కారుతుంటే పెయింట్ ఎక్కువైంది, అసలు అంటకపోతే ఇంకా రుద్దాలి.

ఈ కోటు చూడటానికి ఏమాత్రం బాగుండదు. మచ్చలు మచ్చలుగా, నేత అంతా కనిపిస్తూ, అసలు పెయింట్ వేశామా అన్నట్టు ఉంటుంది. దీన్ని చూసి కంగారుపడి వెంటనే ఇంకో చేయి వేస్తారు, అక్కడే చెడుతుంది. ఒక రాత్రంతా వదిలేయండి. చల్లటి వాతావరణం అయితే రెండు రాత్రులు.

నీటి ఆధారిత పెయింట్ వేసేవాళ్లకి ఒక తమాషా కనిపిస్తుంది: మొదటి కోటు పడగానే నైలాన్ వదులై ముడతలు పడుతుంది, గుండె జారిపోతుంది. ఏం కాదు, అది నీళ్లకి సాగింది అంతే, ఆరాక మళ్లీ బిగుస్తుంది. ఆ ముడతల మీద మాత్రం రెండో కోటు వేయకండి.

కుట్టు, రింగు, రెండు కొసలు

మొదటి కోటు ఆరాక, రెండోదానికి ముందు, కుట్ల పని. పైభాగం మధ్యలో పొడవునా ఉండే కుట్టు, కూర్చునే రంధ్రం చుట్టూ చెక్క రింగుకి వేసిన కుట్టు, ముందు వెనక కొసల్లో మడతలు కలిసే చోట్లు. పాలీయురేథేన్ సీలెంట్ ట్యూబు తీసుకుని కుట్టు వెంట సన్నటి తీగలా వదిలి, గ్లవ్స్ వేసుకున్న వేలితో నొక్కి రాయండి. పైన పేర్చడం కాదు, సూది కన్నాల్లోకి దిగేలా నొక్కాలి. మిగిలింది తుడిచేయండి, అది దిమ్మెలా నిలబడితే పైన పెయింట్ సమంగా కూర్చోదు. కొసల దగ్గర బట్ట నాలుగు మడతలు ఉంటుంది, ఆ మడతల లోపలికి మొదటి కోటు అంతగా పోదు కాబట్టి అక్కడ రెండుసార్లు రాయండి. నీళ్లు కారే కయాక్‌లని నేను చూసినంతలో కారడం ఎక్కువగా కొసల్లోనే, అడుగు మధ్యలో కాదు.

సీలెంట్ మీద పెయింట్ పడుతుందని ట్యూబు మీద రాసి ఉందో లేదో చూసి కొనండి.

మిగిలిన కోట్లు

రెండో కోటుకి థిన్నర్ పది పాళ్లకి ఒక పాలు చాలు. మూడోదాని నుంచి కలపనక్కర్లేదు, లేదా బ్రష్ జారడానికి కొద్దిగా. ఇక్కడ నియమం ఒక్కటే, పలచటి కోట్లు ఎక్కువ వేయాలి. నిలువుగా ఉండే పక్కల్లో దట్టంగా వేస్తే కారుతుంది, కారిన ధార లోపల పచ్చిగా ఉండిపోతుంది, వారం తర్వాత కూడా గోరు దిగుతుంది. ఇరవై నిమిషాలకోసారి వెనక్కి వెళ్లి పక్క నుంచి వెలుతురు పడేలా చూసి, కారుతున్న చోట్ల ఖాళీ బ్రష్‌తో పైకి లాగండి.

నేత గీతలు ఎప్పుడు మాయమవుతాయి అంటే, మామూలుగా మూడో కోటుకి మూసుకుపోవడం మొదలై నాలుగో, ఐదో కోటుకి సరిపోతుంది. పూర్తిగా నున్నగా వచ్చేదాకా వేస్తూ పోవాల్సిన పని లేదు. నేత లీలగా కనిపించినా నీళ్లు రావు, పైగా వేసిన ప్రతి కోటు మోయాల్సిన బరువే. బట్ట కయాక్ కట్టుకున్నదే తేలిగ్గా ఉంటుందని కదా. అడుగుకి ఐదు, పైభాగానికి మూడు వేసి నేను ఆపేస్తాను.

కోటు కోటుకీ మధ్య రుద్దడం: మూడో కోటు ఆరాక, దారాలు పూర్తిగా పెయింట్ కింద దాక్కున్నాక మాత్రమే, 220 నంబరు ఉప్పు కాగితంతో చాలా తేలిగ్గా, చెక్క దిమ్మ వాడకుండా ఉత్త చేత్తో రుద్దండి. బద్దలు బట్టని పైకి ఎత్తే గీతల మీద రుద్దకండి. అక్కడ బట్ట ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి కాగితం అంతా అక్కడే పడుతుంది, రెండు చేతులు వేసేసరికి పెయింట్ పోయి దారాలు తేలతాయి. రేపు ఇసుక మీద పడవని లాగినప్పుడు ముందు అరిగేది కూడా సరిగ్గా ఆ గీతలే, అందుకని చివరి కోటు అయ్యాక సన్నటి బ్రష్‌తో ఆ గీతల వెంట ఇంకో చేయి వేస్తే నష్టం లేదు.

రంగు మీ ఇష్టం. పెద్ద నీటిలో, మోటారు పడవలు తిరిగే చోట నడిపేవాళ్లయితే పసుపో నారింజో ఎంచుకోండి. ముదురు నీలం, ఆకుపచ్చ ఒడ్డున చాలా అందంగా ఉంటాయి, నీళ్లలో కాస్త దూరం నుంచే సరిగ్గా కనిపించవు.

రెండు భాగాల పాలీయురేథేన్ వేసేవాళ్లకి

పద్ధతి వేరు. థిన్నర్ ఉండదు, రాత్రంతా ఆరబెట్టడం ఉండదు. తడి మీద తడి, ఒక కోటు బంక పట్టి వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడే తర్వాతది వేసుకుంటూ మూడు నాలుగు కోట్లు ఒకే పూట ముగించాలి. వదిలేసి మర్నాడు వేస్తే కిందిదానితో కలవదు, ఉప్పు కాగితంతో గరుకు చేస్తే తప్ప.

రెండు డబ్బాల పాళ్లు తయారుచేసినవాళ్లు ఎలా చెబితే అలా, కంటి అంచనా పనికిరాదు, గీతలున్న కప్పు వాడండి. కప్పు అంచుల్ని, అడుగుని గీకుతూ రెండు నిమిషాలు కలపండి, గిలకొడితే బుడగలు చేరతాయి కాబట్టి మెల్లగా. చిన్న చిన్న విడతల్లో కలుపుకోండి. ఎక్కువ కలిపి కప్పులోనే ఉంచితే దాని వేడికి అదే ముందుగా గట్టిపడుతుంది, కలపగానే బట్ట మీద గీతలా పోసేస్తే ఆ తొందర తగ్గుతుంది. పోసినదాన్ని ప్లాస్టిక్ బద్దతో, పాత ఏటీఎం కార్డయినా సరే, నేతలోకి నొక్కుతూ లాగండి. మొదటి కోటుకి బద్దని దాదాపు నిలువుగా పట్టుకుని గట్టిగా గీకాలి, బట్ట మీద మెరుపు మిగలకూడదు. తర్వాతి కోట్లకి వాల్చి పట్టుకుంటే మందం మిగులుతుంది. పక్కల్లో గంటసేపు కారుతూనే ఉంటుంది, కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుని కిందికి చేరినదాన్ని పైకి లాగుతూ ఉండాలి. ఫోన్ పక్కన పెట్టేయండి.

బట్టలో తేమ ఉంటే ఐసోసయనేట్ ఆ నీటితో కలిసి కార్బన్ డై ఆక్సైడ్ పుట్టిస్తుంది, పూతంతా సన్నటి నురగ బుడగలు. ఆ బుడగలు ఆరాక సూది మొన కన్నాలుగా మిగులుతాయి. మబ్బు పట్టిన రోజున, ఎంత సెలవు దొరికినా సరే, దీని జోలికి వెళ్లకండి.

అడుగు పట్టీ

అడుగున మధ్య గీత వెంట, ఒడ్డుకి ముందు తగిలే రెండు కొసల దగ్గర, అదే బట్ట నుంచి మూడు నాలుగు అంగుళాల వెడల్పు పట్టీ కత్తిరించి మూడో కోటు తడిగా ఉన్నప్పుడే అందులో పరిచి, పైనుంచి పెయింట్ రుద్దితే అతుక్కుపోతుంది. పట్టీ కొసలు గుండ్రంగా కత్తిరించండి, కోణాలు ఉంటే అవే ముందు లేస్తాయి. అంచుల మీద మిగిలిన కోట్లు పడితే గీత కూడా పెద్దగా తెలియదు.

నీళ్లు రావని ఎలా తెలుస్తుంది

చెరువుకి వెళ్లి తెలుసుకోవడం కంటే ఇంట్లోనే తెలుసుకోవడం మేలు. రాత్రి దీపాలన్నీ ఆర్పి కయాక్ లోపల టార్చి పెట్టండి. ముదురు రంగు పెయింట్ అయితే సూది మొన అంత కన్నం కూడా నక్షత్రంలా మెరుస్తుంది, పెయింట్ పలచగా ఉన్న చోటు మిగతా చోట్ల కంటే వెలుగుతుంది. పెన్సిల్‌తో చుట్టూ సున్నా గీయండి.

తర్వాత నీళ్ల పరీక్ష. ఐదు లీటర్ల నీళ్లు లోపల పోసి, ముందు కొస ఎత్తి వెనక్కి, వెనక కొస ఎత్తి ముందుకి, కుడికి, ఎడమకి వంచుతూ ఒక్కోచోట ఐదు నిమిషాలు ఉంచండి. బయట పాత న్యూస్‌పేపర్ పరిస్తే చుక్క పడిన చోటు వెంటనే కనిపిస్తుంది. పడవ నిండా నీళ్లు పోసేయకండి, లీటరు నీళ్లు అంటే కిలో, స్టాండ్ల మీదున్న చట్రం బయటినుంచి వచ్చే ఒత్తిడికి కట్టినది గానీ లోపల రెండు మూడు వందల కిలోలు మోయడానికి కాదు.

కన్నాలు దొరికితే పూర్తిగా ఆరబెట్టి, చిక్కటి పెయింట్ చుక్కని వేలితో కన్నంలోకి నొక్కి, పైన ఒక చిన్న కోటు వేయండి. కుట్టులో అయితే మళ్లీ సీలెంట్.

ముట్టుకుంటే ఆరినట్టున్నా ఎనామిల్ లోపల గట్టిపడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. రెండు భాగాల పాలీయురేథేన్‌కి కూడా వారం ఇవ్వండి. ఈలోపు కారెక్కించి బెల్టులు బిగిస్తే ఆ అచ్చులు అలాగే ఉండిపోతాయి. ఈ ఖాళీలో కొసల్లో పెట్టాల్సిన గాలి సంచుల పని చూసుకోండి. బట్ట కయాక్‌లో అడ్డగోడలు ఉండవు, బోర్లా పడితే నీళ్లు ఈ చివర నుంచి ఆ చివరిదాకా నిండుతాయి. పూత ఎంత బాగా వేసినా దీనికి అది మందు కాదు, సంచులు లేకుండా లోతు నీళ్లలోకి దిగొద్దు.

తర్వాత ఎప్పుడైనా రాయికి తగిలి చిరిగితే, ఒడ్డున పొడిగా తుడిచి డక్ట్ టేప్ వేస్తే ఆ పూటకి ఇంటికి చేరతారు. ఇంటికొచ్చాక చిరుగు చుట్టూ పూతని తేలిగ్గా గరుకు చేసి, చిరుగు కంటే అన్నివైపులా 5 సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా అదే బట్ట ముక్కని గుండ్రటి మూలలతో కత్తిరించి, పెయింట్‌తోనే అతికించి పైన రెండు కోట్లు వేయండి. అందుకే మిగిలిన పెయింట్‌ని పారేయకుండా చిన్న గాజు సీసాలో అంచుదాకా నింపి మూత బిగించి, మీద తేదీ, థిన్నర్ పేరు రాసి పెట్టుకోండి. సగం ఖాళీగా ఉన్న పెద్ద డబ్బాలో వదిలేస్తే ఏడాదికల్లా పైన తోలు కట్టి, కింద గడ్డ మిగులుతుంది.